దంతవైద్య విద్యా ప్రవేశాలు: సిఫార్సు లేఖ రాసేవారి ఎంపిక

దంతవైద్య కళాశాలకు దరఖాస్తు చేసే విద్యార్థి చదువును, చేతిపనిని, నడవడిని దగ్గరగా చూసిన వ్యక్తి ఆ కళాశాలకు నేరుగా రాసి పంపే అభిప్రాయ పత్రమే సిఫార్సు లేఖ. విద్యార్థులు దీన్ని ఎల్‌ఓఆర్ అంటారు. అమెరికా దంతవైద్య కళాశాలల పత్రాల్లో దీని పేరు మూల్యాంకన లేఖ. పేరు మారడంతో అర్థమూ కొంత మారుతుంది: వాళ్లు అడిగేది విద్యార్థికి సీటు ఇవ్వమని చెప్పే మాట కాదు, విద్యార్థి ఎలాంటివాడో చెప్పే మాట. ఆ లేఖ ఎవరిచేత రాయించుకోవాలన్నది మార్కుల జాబితా, భాషా పరీక్ష, వ్యక్తిగత ప్రకటనలతో సమానంగా ఆలోచించాల్సిన విషయం.

తెలుగునాట సిఫార్సు ఉత్తరం అనగానే గుర్తొచ్చేది వేరు. తిరుమలలో బ్రేక్ దర్శనం కోసం ఎమ్మెల్యే దగ్గరో ఎంపీ దగ్గరో తెచ్చుకునే ఉత్తరం అందులో అందరికీ తెలిసింది. ఆ ఉత్తరంలో భక్తుడి గురించి ఏమీ రాయనక్కర్లేదు. పేరు, ఆధార్ సంఖ్య, లెటర్‌హెడ్, సంతకం ఉంటే సరిపోతుంది. అక్కడ పని జరిపించేది సంతకం చేసినవారి హోదా. దంతవైద్య ప్రవేశాల లేఖ దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. రాసినవారి హోదా ఎంత పెద్దదైనా, విద్యార్థి గురించి తాను కళ్లారా చూసిన సంగతి ఒక్కటైనా లేకపోతే ఎంపిక సంఘం దాన్ని పక్కన పెట్టేస్తుంది. మొదటి రకం ఉత్తరానికి అలవాటుపడిన కుటుంబాలు రెండో రకానికీ పెద్దమనుషులనే వెతకడం తెలుగు అభ్యర్థులు తరచూ చేసే పొరపాటు.

దేశంలో ఈ లేఖతో పనిలేదు

భారతదేశంలో బీడీఎస్ సీటు ర్యాంకు మీదే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకు, 2017 నుంచి నీట్ ర్యాంకు దీనికి ఆధారం. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ జరుపుతుంది. తెలంగాణలో ఆ పని వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానిది. ఎండీఎస్‌కు కూడా నీట్-ఎండీఎస్ ర్యాంకే. హైదరాబాద్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా తెలుగు ప్రాంతాల దంతవైద్య విద్యలో ఒక అధ్యాపకుడి అభిప్రాయాన్ని బట్టి సీటు తేలే పద్ధతి వేళ్లూనలేదు.

ర్యాంకు పద్ధతిలో పక్షపాతానికి తావు తక్కువ. పేదింటి పిల్లకూ పెద్దింటి పిల్లకూ ఒకే ప్రశ్నపత్రం. అది గొప్ప మేలు. కానీ దాని పర్యవసానం ఒకటుంది: నాలుగేళ్ల చదువూ ఏడాది ఇంటర్న్‌షిప్పూ పూర్తిచేసిన విద్యార్థికి, తన పని గురించి మాట్లాడగల గురువు ఒకరు అవసరమవుతారన్న ఆలోచనే రాదు. అమెరికా వెళ్లాలనుకున్న రోజున ఆ లోటు తెలుస్తుంది.

కోనసీమలో బండారులంక విషయమే చూడవచ్చు. చేనేత చీరలకు పేరున్న ఈ ఊరు అమలాపురం పక్కనే ఉంది. ఇక్కడి నుంచి బీడీఎస్‌కు వెళ్లే పిల్లలకు అమలాపురంలోని కిమ్స్ దంతవైద్య కళాశాల, గోదావరి దాటితే భీమవరంలోని విష్ణు డెంటల్ కాలేజీ, రాజమహేంద్రవరం దగ్గర రాజానగరంలోని జీఎస్ఎల్, లెనోరా కళాశాలలు అందుబాటులో ఉన్నవి. ఇలాంటి కళాశాలల్లో ఏడాదికి 100 సీట్ల దాకా ఉంటాయి. వందమందిలో ఒకరిని పేరుపెట్టి గుర్తుంచుకునే అధ్యాపకులు ఎందరుంటారన్నది ఎంపికలో మొదట వేసుకోవాల్సిన ప్రశ్న.

లేఖ అడిగే దారులు

తెలుగు అభ్యర్థులకు ఈ లేఖ అవసరమయ్యే దారులు ప్రధానంగా మూడు, మూడూ అమెరికావే. బీడీఎస్ పూర్తిచేసి అమెరికాలో దంతవైద్యం చేయాలనుకునేవారు సాధారణంగా అక్కడి కళాశాలలో రెండు నుంచి మూడేళ్ల కోర్సు చదివి డీడీఎస్ లేదా డీఎండీ పట్టా పొందాలి. ఈ రెండు పట్టాలూ పేరుకే వేరు, అర్హత ఒకటే. హార్వర్డ్ 1867లో తన దంతవైద్య విభాగాన్ని తెరిచి లాటిన్ పేరుతో పట్టా ఇవ్వడం వల్ల రెండో పేరు పుట్టింది. విదేశీ దంతవైద్యుల దరఖాస్తులను అమెరికన్ దంతవైద్య విద్యా సంఘం 'కాపిడ్' అనే కేంద్రీకృత వ్యవస్థ ద్వారా స్వీకరిస్తుంది. ఐఎన్‌బీడీఈ అనే దంతవైద్య బోర్డు పరీక్ష, టోఫెల్ ఆంగ్ల పరీక్ష, మార్కుల మదింపు, లేఖలు, కొన్నిచోట్ల చేతిపని పరీక్ష ఇందులో భాగం. మూడు లేఖలు అడిగే కళాశాలలు ఎక్కువ. వాటిలో ఒకటి డీన్ నుంచే రావాలని కొన్ని పట్టుబడతాయి.

ఆర్థోడాంటిక్స్, ఎండోడాంటిక్స్ వంటి ప్రత్యేక విభాగాల్లో పీజీ చేయదలచినవారి దారి 'పాస్' అనే వ్యవస్థ. ఇక్కడ కళాశాల అధిపతి నింపే ఫారం ఒకటి, అధ్యాపకులు నింపే మూల్యాంకన ఫారాలు విడిగా ఉంటాయి. మూడో దారి అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలది. డిగ్రీ చదువుతూ డాట్ అనే దంతవైద్య ప్రవేశ పరీక్ష రాసి 'ఆడ్సాస్' అనే వ్యవస్థ ద్వారా దరఖాస్తు చేస్తారు. దానికి నాలుగు లేఖల వరకు జతచేయవచ్చు.

డీన్ లేఖ

భారతదేశంలోని చాలా దంతవైద్య కళాశాలల్లో డీన్ అనే పదవి లేదు. అధిపతి ప్రిన్సిపాల్. అమెరికా కళాశాలలు డీన్ లేఖ అన్నప్పుడు ప్రిన్సిపాల్ లేఖే పంపాలి, అందులో సంతకం కింద హోదా స్పష్టంగా రాయాలి. ఈ లేఖలో ఎంపిక అనేది లేదు. ప్రిన్సిపాల్‌కు విద్యార్థి ముఖం గుర్తున్నా లేకపోయినా లేఖ మాత్రం ఆయనదే కావాలి. కళాశాల రికార్డు ప్రకారం విద్యార్థి ఏ సంవత్సరం చేరాడు, ఎప్పుడు పూర్తిచేశాడు, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్నవి ఇందులో ప్రధానం. అందువల్ల మిగిలిన రెండు లేఖల మీద బరువు ఎక్కువ పడుతుంది. ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నదీ అక్కడే.

దగ్గరగా చూసినవారు

బీడీఎస్ మొదటి రెండేళ్లలో శరీర నిర్మాణం, జీవరసాయనం, సూక్ష్మజీవ శాస్త్రం వంటి పాఠాలు. మూడో ఏట జనరల్ మెడిసిన్, సర్జరీ, ఓరల్ పాథాలజీ. రోగి కుర్చీ పక్కన అసలు పని నాలుగో ఏట, ఇంటర్న్‌షిప్‌లో ఊపందుకుంటుంది. కాబట్టి లేఖకు సహజమైన మూలం ఈ చివరి రెండేళ్ల క్లినికల్ విభాగాలు: కట్టుడుపళ్లు కట్టే ప్రాస్థోడాంటిక్స్, రూట్ కెనాల్ చేసే కన్జర్వేటివ్, పళ్లు పీకే ఓరల్ సర్జరీ, చిగుళ్ల వైద్యం, పిల్లల దంతవైద్యం, ప్రజారోగ్య దంతవైద్యం.

ఒక్కో విభాగంలో ప్రొఫెసర్, రీడర్, సీనియర్ లెక్చరర్ అనే అంచెలున్నాయి. విభాగాధిపతి సంతకం కోసం పరుగెత్తే విద్యార్థి ఒక సంగతి మరిచిపోతాడు. క్లినిక్‌లో కేస్ షీట్ మీద సంతకం పెట్టింది, పంటిని తొలిచేటప్పుడు వెనక నిలబడి చూసింది, కొలత సరిగా రాలేదని మళ్లీ చేయించింది ఎక్కువగా రీడరో సీనియర్ లెక్చరరో అయి ఉంటారు. ఆ మనిషి రాసిన పది వాక్యాలకు, దూరం నుంచి చూసిన విభాగాధిపతి రాసిన రెండు పేజీలకన్నా విలువ ఎక్కువ. బండారులంకలో మగ్గం పక్కన నిలబడి పోగు చూసినవాడు చీర గురించి చెప్పే మాట వేరు, దుకాణంలో మడత చూసినవాడు చెప్పే మాట వేరు. రీడర్, విభాగాధిపతి ఇద్దరూ దగ్గరగా చూసి ఉంటే అప్పుడు పెద్ద హోదా ఉన్నవారిని ఎంచుకోవచ్చు. కొన్ని కళాశాలల్లో రీడర్ లేఖ రాసి, విభాగాధిపతి దాని మీద తానూ సంతకం చేస్తారు. అది మంచి పద్ధతి.

రెండు లేఖలు రెండు వేర్వేరు విభాగాల నుంచి ఉంటే మంచిది. చేతిపని గురించి ఒకరు, రోగితో మాట్లాడే తీరు గురించి మరొకరు రాస్తే చదివేవారికి విద్యార్థి రెండువైపులా కనిపిస్తాడు. ముగ్గురూ 'కష్టపడి పనిచేస్తాడు, సమయపాలన ఉంది' అని రాస్తే మూడు లేఖలున్నా ఒకటే ఉన్నట్టు. ప్రాస్థోడాంటిక్స్ వంటి పని నుంచి ఒకటి, ప్రజారోగ్య దంతవైద్యం లేదా ఓరల్ మెడిసిన్ నుంచి మరొకటి అన్న జోడింపు చాలామందికి కుదురుతుంది.

లేఖలో ఏముంటే బలం

'అత్యుత్తమ విద్యార్థిని' అన్న మాటను ఎంపిక సంఘం వందల లేఖల్లో చూస్తుంది. వాళ్లకు గుర్తుండేది ఒక సంఘటన. పూర్తి కట్టుడుపళ్ల కేసులో మైనంలో పళ్లు అమర్చి రోగి నోట్లో పెట్టి చూసే రోజు ఒకటుంటుంది. ఆ రోజు ఒక విద్యార్థిని రోగి అయిన ముసలాయనచేత 'సీసా', 'సూది' అనిపించి చూసింది. 'స' ఈలలా వస్తోందని గమనించి, ఎవరూ చెప్పకముందే ముందుపళ్లను మైనంలో మళ్లీ సరిచేసింది. ఇంత చిన్న ముచ్చట చాలు. వినే చెవి, ఓపిక, చేసిన పనిని తనే తప్పుపట్టగల గుణం మూడూ అందులో ఉన్నాయి. విశేషణం ఒక్కటీ వాడలేదు.

కోస్తా ఆంధ్ర అధ్యాపకులు మాత్రమే రాయగల సంగతులు కూడా కొన్నున్నాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం తీర గ్రామాల్లో చుట్ట వెలుగుతున్న కొసను నోటి లోపల పెట్టుకుని కాల్చే అలవాటుంది. దీన్ని అడ్డపొగ అంటారు. ఆడవాళ్లలో ఎక్కువ. ఆ వేడికి, పొగకు గట్టి అంగిలి మీద తెల్లటి మచ్చలు, కొందరిలో క్యాన్సర్ వస్తాయి. ఈ అలవాటు మీద విశాఖలో, శ్రీకాకుళంలో జరిగిన పరిశోధనలు ప్రపంచ దంతవైద్య పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. దంత శిబిరంలో పంటినొప్పితో వచ్చిన పెద్దావిడ అంగిలిని కూడా అద్దంతో చూసి, మచ్చను గుర్తించి, ఆమెను భయపెట్టకుండా ఆసుపత్రికి రప్పించిన ఇంటర్న్ గురించి ఓరల్ మెడిసిన్ రీడర్ రాస్తే, అలాంటి రోగిని ఎన్నడూ చూడని అమెరికా అధ్యాపకుడు ఆ లేఖను ఆగి చదువుతాడు.

లోపాన్ని పూర్తిగా దాచిన లేఖ కూడా అనుమానానికి తావిస్తుంది. రెండో ఏట ఒక సబ్జెక్టు తప్పి, తర్వాత నిలదొక్కుకున్న విద్యార్థి విషయంలో ఆ కారణం తెలిసిన గురువు ఒక్క వాక్యంలో చెబితే మార్కుల జాబితాలోని గీత అర్థవంతమవుతుంది. అందుకే తప్పిన సబ్జెక్టు చెప్పిన అధ్యాపకుడే కొన్నిసార్లు మంచి లేఖకుడవుతాడు.

సొంతంగా రాసుకుని సంతకం పెట్టించడం

'నువ్వే రాసుకుని తీసుకురామ్మా, సంతకం పెడతాను' అన్న మాట తెలుగు కళాశాలల్లో మామూలే. పని ఒత్తిడితోనో, ఆంగ్లంలో రాయడానికి మొహమాటంతోనో గురువులు ఇలా అంటారు, దురుద్దేశంతో కాదు. ఫలితం మాత్రం చెడ్డది. విద్యార్థి రాసిన మూడు లేఖలూ ఒకే గొంతుతో ఉంటాయి. కన్సల్టెన్సీ ఇచ్చిన నమూనా వాడితే ఆ వాక్యాలే వేరే ఊరి విద్యార్థి లేఖలోనూ కనిపిస్తాయి. ఏళ్లతరబడి లేఖలు చదివేవారు దాన్ని ఇట్టే పోల్చుకుంటారు. పైగా లేఖ రాసినవారి అభిప్రాయమే లేఖ. దాన్ని అభ్యర్థి రాయడం మొత్తం దరఖాస్తు నిజాయితీనే ప్రశ్నార్థకం చేస్తుంది.

దీనికి మర్యాదైన మార్గముంది. లేఖ కాకుండా వివరాల కాగితం ఒకటి ఇవ్వాలి: ఆ విభాగంలో పనిచేసిన తేదీలు, చేసిన కేసుల సంఖ్య, గురువు పక్కనుండగా జరిగిన రెండు మూడు కేసుల జ్ఞాపకం, మార్కులు, బయోడేటా, వ్యక్తిగత ప్రకటన ప్రతి. 'సార్, మీకు గుర్తున్నది మీ మాటల్లో రాయండి, నాలుగు పేరాలైనా చాలు' అని అడిగితే కాదనే గురువు అరుదు. ఇంటర్న్‌షిప్‌లో చేసిన కేసుల చిట్టా జాగ్రత్తగా దాచుకున్న విద్యార్థికి ఈ కాగితం గంటలో తయారవుతుంది.

లేఖను తాను చూడనని అభ్యర్థి ముందే హక్కు వదులుకునే వీలు దరఖాస్తులో ఉంటుంది. విద్యార్థి తన రికార్డు చూసుకునే హక్కును 1974 నాటి అమెరికా చట్టం ఇచ్చింది, దాన్ని వదులుకోవడం ఐచ్ఛికం. వదులుకుంటే గురువు మనసు విప్పి రాశాడన్న నమ్మకం చదివేవారికి కలుగుతుంది. వదులుకోవడానికి భయపడాల్సిన గురువును అడగకపోవడమే మేలు.

చదువు ముగిసి చాలాకాలమైనవారు

అమెరికాలో దరఖాస్తు చేసే తెలుగు దంతవైద్యుల్లో ఒక పెద్ద వర్గం పెళ్లి తర్వాత భర్తతో, కుటుంబ సభ్యులకిచ్చే హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్లిన యువతులది. పట్టా వచ్చి ఐదారేళ్లు గడుస్తాయి. చదువు చెప్పిన రీడర్ మరో కళాశాలకు మారిపోయి ఉంటారు, ప్రిన్సిపాల్ రిటైరై ఉంటారు. ప్రిన్సిపాల్ లేఖను కొత్త ప్రిన్సిపాల్ రికార్డు చూసి రాయవచ్చు. కళాశాల మారిన గురువు కొత్త కళాశాల లెటర్‌హెడ్ మీద, విద్యార్థినికి తాను ఏ కళాశాలలో ఏ సంవత్సరాల్లో చెప్పారో రాస్తే చెల్లుతుంది.

కానీ పాత లేఖలు మాత్రమే చాలవు. గత ఏడాది రెండేళ్లలో ఈ అభ్యర్థి ఏం చేస్తోంది అన్నది ఎంపిక సంఘం అడుగుతుంది. దానికి జవాబు అమెరికాలోనే దొరకాలి. 2015 నుంచి హెచ్-4 వీసాలో కొందరికి ఉద్యోగ అనుమతి దొరుకుతోంది. అలాంటివారు డెంటల్ అసిస్టెంట్‌గా పనిచేస్తే అక్కడి దంతవైద్యుడు లేఖ రాయగలడు. అనుమతి లేనివారు దంతవైద్యుల దగ్గర కూర్చుని పని గమనించడం, ఉచిత వైద్య శిబిరాల్లో స్వచ్ఛందంగా పాల్గొనడం ద్వారా పరిచయం పెంచుకుంటారు. ప్రజారోగ్యంలో మాస్టర్స్ చదివినవారికి అక్కడి ప్రొఫెసర్ లేఖ దొరుకుతుంది. అమెరికా తరగతి గదిలో తోటివారితో ఎలా నెగ్గుకొచ్చారో ఆ ప్రొఫెసర్ చెప్పగలడు. ఇలాంటి లేఖ ఒకటి, క్లినికల్ గురువుది ఒకటి, ప్రిన్సిపాల్‌ది ఒకటి: ఈ వర్గానికి ఇంతకన్నా గట్టి కూర్పు లేదు.

అమెరికాలో పుట్టిన పిల్లలు

ఆడ్సాస్ దారిలో చాలా కళాశాలలు జీవశాస్త్రం, రసాయనశాస్త్రం వంటి సైన్సు అధ్యాపకుల నుంచి రెండు లేఖలు, దంతవైద్యుడి నుంచి ఒకటి అడుగుతాయి. కొన్ని విశ్వవిద్యాలయాల్లో ప్రత్యేక సంఘం అందరి అభిప్రాయాలూ కలిపి ఒకే లేఖ పంపుతుంది. అక్కడి ప్రవాస కుటుంబాల్లో దంతవైద్యుడి లేఖ దగ్గర తరచూ ఒక చిక్కొస్తుంది. సంక్రాంతి సంబరాల్లో, తెలుగు సంఘం 'తానా' సభల్లో కలిసే దంతవైద్యుడు 'అంకుల్' అడగగానే రాసిస్తారు. ఆయన రాయగలిగేది మంచి కుటుంబమని మాత్రమే. దగ్గరి బంధువుల లేఖలను చాలా కళాశాలలు అసలే లెక్కలోకి తీసుకోవు. అదే అంకుల్ క్లినిక్‌లో కొన్ని వారాలు నిలబడి పని గమనిస్తే, విద్యార్థిని ఎన్ని గంటలు, ఏమేం చూసిందో ఆయన రాస్తే, అప్పుడది చెల్లే లేఖ. పరిచయం లేని దంతవైద్యుడి క్లినిక్‌లో అదే పని చేస్తే లేఖకు ఇంకా విలువ పెరుగుతుంది.

అమెరికా దారులకు పోలికగా బ్రిటన్ పద్ధతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. అక్కడ బీడీఎస్‌కు యూకాస్ అనే కేంద్రీకృత వ్యవస్థ ద్వారా దరఖాస్తు చేస్తారు, దంతవైద్యానికి గడువు అక్టోబరు 15. లేఖ ఒక్కటే. అది పాఠశాల లేదా జూనియర్ కళాశాల నుంచి వస్తుంది. 2024 ప్రవేశాల నుంచి దాన్ని మూడు భాగాల ఫారంగా మార్చారు. రాసేవారిని ఎంచుకునే వెసులుబాటు విద్యార్థికి తక్కువ.

అడిగే వేళ, పంపే తీరు

కాపిడ్ దరఖాస్తులు వసంతకాలంలో, ఆడ్సాస్ దరఖాస్తులు మే నెలలో తెరుచుకుంటాయి. సంక్రాంతి సెలవులు ముగిసేసరికి గురువులను అడగడం పూర్తికావాలి. విశ్వవిద్యాలయ పరీక్షల రోజుల్లో అధ్యాపకులకు తీరిక ఉండదు. మనిషిని స్వయంగా కలిసి అడగడం మన దగ్గర మర్యాద. ఫోన్ సందేశంతో సరిపెట్టకూడదు. 'బలంగా రాయగలరా?' అని సూటిగా అడగడం మొహమాటం అనిపిస్తుంది కానీ, గురువు తటపటాయిస్తే అక్కడే ఆగిపోయే వీలు కలుగుతుంది. ఒప్పుకుని బలహీనంగా రాసే గురువుకన్నా ముందే వద్దన్న గురువు ఎక్కువ మేలు చేసినట్టు.

లేఖను విద్యార్థి చేతికివ్వరు. దరఖాస్తులో గురువు ఈమెయిల్ నమోదు చేస్తే ఆయనకు ఒక లింకు వెళుతుంది. ఆయన ఖాతా తెరిచి, లెటర్‌హెడ్ మీద తేదీ, సంతకంతో ఉన్న లేఖను ఎక్కిస్తారు. కళాశాల ఇచ్చిన ఈమెయిల్ ఉంటే అదే ఇవ్వాలి. సొంత జీమెయిల్ నుంచి వచ్చిన లేఖ ఎవరిదో తేల్చుకోవడం కళాశాలకు కష్టం. లింకుతో గురువుకు వెళ్లే మెయిల్ చాలాసార్లు స్పామ్‌లోకి పోతుంది. వారం తర్వాత 'సార్, మెయిల్ వచ్చిందా?' అని ఒకసారి గుర్తుచేయడం తప్పు కాదు. ఒక్క లేఖ రాకపోయినా కళాశాల ఆ దరఖాస్తును అసంపూర్ణంగానే చూస్తుంది. ఒకసారి ఎక్కిన లేఖను ఆడ్సాస్‌లో మార్చడం కుదరదు. మరుసటి ఏడాది మళ్లీ దరఖాస్తు చేసేవారు లేఖలు కొత్తగా తెప్పించుకోవాలి. కాబట్టి సీటు వచ్చినా రాకపోయినా, లేఖ రాసిన ప్రతి గురువుకూ ఆ కబురు ముందుగా చెప్పాల్సింది విద్యార్థే.